చేత్తో చేసే కార్డులు, కాగితంతో వచ్చే చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మడత పగిలితే "నాకు మడవడం రాదు" అనుకుంటారు. ఇంకు పాకితే పెన్ను మారుస్తారు. చేత్తో కార్డులు చేసేవాళ్లు ముందుగా తమ చేతినే అనుమానిస్తారు. కానీ ఎక్కువసార్లు లోపం చేతిలో ఉండదు, కొని తెచ్చిన కాగితంలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో ఇంటి దగ్గర గ్రీటింగులు, శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు చేసేవాళ్లు పదే పదే అడిగే సందేహాలను పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనేటప్పుడు

జీఎస్ఎం అంటే మందమేనా? కార్డుకి ఎంత ఉండాలి?

మందం కాదు, బరువు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగితే అన్ని జీఎస్ఎం. మామూలు జిరాక్స్ కాగితం 70 నుంచి 80 దాకా ఉంటుంది. మడిచి నిలబెట్టే కార్డుకి 220 నుంచి 300 మధ్య తీసుకోండి. పైన అతికించే పొరలకు 120 నుంచి 180 చాలు. లోపల రాత కోసం అతికించే కాగితం 100 ఉన్నా సరిపోతుంది.

అంకె ఒకటే అయినంత మాత్రాన రెండు కాగితాలు ఒకేలా ఉండవు. నున్నటి పూత ఉన్న ఆర్ట్ కార్డును బాగా నొక్కి తయారుచేస్తారు, పైగా దాని బరువులో కొంత పూతదే. అందుకే 250 ఆర్ట్ కార్డు కన్నా పూత లేని 250 షీటు చేతికి మందంగా తగులుతుంది. షీటును ఒక అంచు దగ్గర పట్టుకుని గాలిలో చాపి చూడండి. కార్డు సైజు ముక్క వాలిపోకుండా నిలబడితే అది కార్డుకి పనికొస్తుంది.

ప్యాకెట్ మీద 300 అని ఉంది, చేతికి పల్చగా ఉంది. మోసపోయానా?

వంటింట్లో డిజిటల్ త్రాసు ఉంటే నిమిషంలో తేలిపోతుంది. 16 ఏ4 షీట్లు కలిస్తే ఒక చదరపు మీటరు. కాబట్టి 16 షీట్లను తూచినప్పుడు ఎన్ని గ్రాములు వస్తే అదే జీఎస్ఎం. అన్ని షీట్లు లేకపోతే పది తూచి 1.6తో హెచ్చించండి. 300 జీఎస్ఎం అయితే పది షీట్లు 187 గ్రాముల దగ్గర ఉండాలి. 150 గ్రాములే వచ్చిందంటే మీ చేతిలో ఉన్నది 240. చార్టు సైజు, అంటే 22×28 అంగుళాల షీటైతే ఒక్కదాని బరువును రెండున్నరతో హెచ్చిస్తే సరిపోతుంది.

నాలుగైదు శాతం తేడా ఉంటే పట్టించుకోకండి. తయారీలో అంత తేడా వస్తుంది, వానాకాలంలో కాగితం పీల్చిన తేమ కూడా తూకంలోకి వస్తుంది. అంతకు మించి తేడా ఉంటే మొహమాటపడకుండా వెనక్కి ఇవ్వండి.

ఛత్తా బజార్‌లో అడిగితే మ్యాప్‌లిథో, ఐవరీ, ఆర్ట్ కార్డు, డ్యూప్లెక్స్ అని వరసగా చెబుతున్నారు. నాకు ఏది కావాలి?

ఛత్తా బజార్ శుభలేఖల ప్రెస్సులకు పేరుపడ్డ చోటు. అక్కడ మాట్లాడేది ప్రింటింగ్ వాళ్ల భాష. మీరు చేత్తో ఏం చేయబోతున్నారో ముందే చెప్పండి, అప్పుడు సరైన షీటు చూపిస్తారు.

మ్యాప్‌లిథో పూత లేని కాగితం. పెన్నుతో హాయిగా రాయొచ్చు, కార్డు లోపలి పేజీకి బాగుంటుంది. ఐవరీ షీటు గట్టిగా, నున్నగా ఉంటుంది. స్టాంపులు వేయడానికి, చేతిరాతకి నేను మొదట చెప్పేది ఇదే. ఆర్ట్ కార్డు మీద పూత ఉంటుంది. ఆఫ్‌సెట్ ప్రింటుకి దాన్ని మించింది లేదు కానీ జెల్ పెన్ను దాని మీద త్వరగా ఆరదు, మడత దగ్గర పూత చిట్లుతుంది. డ్యూప్లెక్స్ బోర్డుకి ఒకవైపు తెలుపు, వెనక బూడిద రంగు. స్వీటు డబ్బాలు, మందుల డబ్బాలు చేసేది దానితోనే. పాత కాగితం గుజ్జు కలిసి ఉంటుంది కాబట్టి పార్సిల్లో కార్డు వంగకుండా వెనక పెట్టడానికి వాడుకోండి, కార్డుకి మాత్రం వద్దు.

హ్యాండ్‌మేడ్ పేపర్ అని అమ్మేదంతా నిజంగా చేత్తో చేసిందేనా?

కాదు. మిల్లు కాగితం మీద గరుకు డిజైను నొక్కి అదే పేరుతో అమ్మేవాళ్లున్నారు. షీటును వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. గరుకు ఒకే నమూనాలో మళ్లీ మళ్లీ వస్తుంటే అది యంత్రం నొక్కిన అచ్చు. మూలలో చిన్న ముక్క చింపి చూడండి. నూలు గుడ్డల గుజ్జుతో చేసిన కాగితం సులభంగా చిరగదు, చిరిగిన చోట పొడవాటి పీచు కనిపిస్తుంది.

మన దేశంలో చేతి కాగితానికి పెద్ద కేంద్రం జైపూర్ దగ్గరి సాంగనేర్. కుమారప్ప పేరు మీద ఉన్న చేతి కాగితం పరిశోధన సంస్థ కూడా అక్కడే ఉంది. బనియన్లు కుట్టే కంపెనీల్లో మిగిలే నూలు ముక్కలు ఈ కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు. షీటు సాధారణంగా 22×30 అంగుళాలు ఉంటుంది, నాలుగు అంచులూ కోసినట్టు కాకుండా సహజంగా గరుకుగా ఉంటాయి. షీటుకీ షీటుకీ మందంలో కొద్దిగా తేడా ఉండటం దీని స్వభావం, దాన్ని లోపమని వెనక్కి పంపకండి.

షాపులో నిలబడి అక్కడికక్కడే నాణ్యత ఎలా చూడాలి?

వంద షీట్లు ఒకేసారి కొనే ముందు ఒక్క షీటు డబ్బులిచ్చి తీసుకోండి. డబ్బులిచ్చారు కాబట్టి మడిచినా, తడిపినా ఎవరూ ఏమీ అనరు.

ముందు దాన్ని ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టుకోండి. వెలుతురు అంతటా ఒకేలా దిగితే పీచు సమంగా పరుచుకుందని అర్థం. మబ్బులు మబ్బులుగా కనిపిస్తే రంగు, ఇంకు కూడా అలాగే మచ్చలుగా పడతాయి. తర్వాత ఒక మూల నిలువుగా, ఇంకో మూల అడ్డంగా మడిచి గోరుతో గట్టిగా రుద్దండి. రెండు మడతల్లో ఏదీ చిట్లకపోతే మంచి షీటు. ఒకవైపే చిట్లితే వాడుకోవచ్చు, కానీ ఏ వైపు మడవాలో గుర్తుపెట్టుకోవాలి. రెండువైపులా చిట్లితే కొనొద్దు.

తడివేలితో ఒకచోట అద్దండి. నీటిచుక్క కాసేపు పైనే నిలిస్తే పెన్నుతో రాయొచ్చు. వెంటనే ఇంకిపోతే ఇంకు పాకుతుంది. రంగు షీటైతే ఆ తడి మీద తెల్ల రుమాలు అద్ది చూడండి, రంగు అంటుకుంటే తెల్ల కార్డు పక్కన దాన్ని అతికించకూడదు. చివరగా మీరు రోజూ వాడే పెన్నుతో మీ పేరు రాసుకోండి. నా అనుభవంలో ఈ ఆఖరి పరీక్ష ఎవరూ చేయరు, ఎక్కువ నష్టం దాని దగ్గరే వస్తుంది.

పైకి అన్నీ తెల్లగానే ఉన్నాయి, పక్కపక్కన పెడితే ఒకటి నీలంగా, ఒకటి పసుపుగా కనిపిస్తోంది. ఎందుకు?

తెలుపు మెరవడానికి చాలా మిల్లుల్లో గుజ్జులో మెరుపు రసాయనం కలుపుతారు. అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వెలుగుతుంది. అందుకే ఎండలో, ట్యూబ్‌లైటు కింద ఆ కాగితం నీలి తెలుపుగా కనిపిస్తుంది. ఆ రసాయనం లేనిది మీగడ రంగులో ఉంటుంది.

దొంగనోట్లు చూసే యూవీ లైటు చాలా షాపుల్లో ఉంటుంది, దాని కింద ఒకసారి పెట్టమనండి. మెరుపు కలిపిన కాగితం నీలంగా వెలిగిపోతుంది, కలపనిది మందకొడిగా ఉండిపోతుంది. అసలు నోటు కాగితం వెలగకపోవడానికి కారణం కూడా ఇదే. కార్డు, లోపలి పేజీ, కవరు మూడూ ఒకే రకం తెలుపైతేనే చూడటానికి బాగుంటుంది. కొన్నేళ్లు దాచుకునే శుభలేఖలకు మీగడ రంగే మేలు, ఎందుకంటే మెరుపు రసాయనం కాలం గడిచేకొద్దీ బలం తగ్గి తెలుపు మాసినట్టవుతుంది.

రెండోసారి తెచ్చిన మెరూన్ షీటు మొదటిదానితో కలవట్లేదు. షాపు మార్చాలా?

షాపు మార్చినా ఇదే జరుగుతుంది. రంగు కాగితం ఒక్కో లాటుకి కొద్దిగా తేడాగా వస్తుంది, చేతి కాగితంలో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఒక ఆర్డరుకి కావాల్సిన షీట్లన్నీ, పాడయ్యేవాటికి పది శాతం కలుపుకుని, ఒకేసారి ఒకే కట్టలోంచి తీసుకోండి.

## ఇంటికి తెచ్చాక

వానాకాలంలో షీట్లు వంకర తిరుగుతున్నాయి. ఏం చేయాలి?

కాగితంలోని పీచు తేమకు ఉబ్బుతుంది. ఉబ్బేది ఎక్కువగా అడ్డంగా, నిలువుగా దాదాపు సాగదు. పైభాగం గాలి తగిలి ఉబ్బి, కింది భాగం కట్టలో ఇరుక్కుని పొడిగా ఉంటే షీటు ఒకవైపు వంగుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ గాలిలో ఉండే తేమకి ఇది ఏ ఇంట్లోనైనా జరుగుతుంది.

ప్యాకెట్ చుట్టూ మిల్లు వాళ్లు వేసిన కవరు చింపి పారేయకండి, కావాల్సినన్ని తీసుకుని మళ్లీ మూసేయండి. విడి షీట్లను మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, అడుగున తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, పడుకోబెట్టి దాచండి. గోడకి నిలబెడితే వంగినవి వంగినట్టే ఉండిపోతాయి. నేల మీద కూడా పెట్టొద్దు. ఇప్పటికే వంగినవాటిని రెండు చెక్క పలకల మధ్య పెట్టి పైన బరువు ఉంచితే ఒకటి రెండు రోజుల్లో దారికొస్తాయి. కొత్త కట్ట తెచ్చిన రోజే కోయడం మొదలుపెట్టకుండా, పనిచేసే గదిలోనే ఒక రోజు ఉంచితే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఎండాకాలంలో గాలి పొడిగానే ఉంటుంది కదా, అప్పుడూ ఎందుకు వంగుతున్నాయి?

మీ గదిలో కూలర్ నడుస్తోందా చూడండి. ఏప్రిల్, మే నెలల్లో బయట గాలి పొడిగా ఉన్నా కూలర్ గాలి తడిగా ఉంటుంది. దాని ఎదురుగా టేబుల్ మీద పెట్టిన షీట్లు సాయంత్రానికి మెత్తబడతాయి, కూలర్ ఆపాక మళ్లీ పొడిబారతాయి. రోజూ ఇలా జరిగితే ఎంత మంచి కాగితమైనా వంకరపోతుంది. కూలర్ గాలి తగలని గదిలో కాగితం ఉంచండి. మరీ పొడిబారిన కాగితం మడత దగ్గర తేలిగ్గా చిట్లుతుంది కాబట్టి ఎండాకాలంలో మడతల పని ఉదయం పూట పెట్టుకోండి, అప్పుడు గాలిలో కాస్త తేమ ఉంటుంది.

కట్టలో షీట్ల అంచులు గీకినట్టు, కొరికినట్టు ఉన్నాయి. ఏ పురుగు ఇది?

వెండి రంగులో చేపలా జారిపోయే చిన్న పురుగు కనిపిస్తే అది సిల్వర్‌ఫిష్. కాగితంలోని పిండి పదార్థం, పిండితో చేసిన జిగురు దాని ఆహారం. చీకటి, తేమ రెండూ ఉన్నచోట చేరుతుంది. నెలకోసారి డబ్బా తీసి షీట్లు దులిపి గాలి తగలనిస్తే చాలావరకు పోతుంది. కలరా ఉండలు వేస్తే పురుగు రాదు కానీ ఆ వాసన కాగితానికి పట్టి కార్డు అందుకున్నవాళ్ల దాకా వెళ్తుంది, అందుకే నేను వద్దంటాను. మట్టి గొట్టాల్లాంటివి కనిపిస్తే అవి చెదలు. ఆ కట్టను వెంటనే ఇంటి బయటికి తీసేయండి.

కొన్ని కార్డులు ఏడాదిలోనే పసుపెక్కాయి, కొన్ని ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి. తేడా ఎక్కడుంది?

చెక్కలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తీసేయకుండా చేసిన గుజ్జు వెలుతురు, గాలి తగిలితే పసుపెక్కుతుంది. న్యూస్‌పేపరు ఎండలో నాలుగు రోజులకే మారిపోవడం అందుకే. రెండో కారణం ఆమ్లం. పాత పద్ధతిలో పటిక వాడి చేసిన కాగితంలో ఆమ్లం మిగిలిపోయి పీచును లోపలి నుంచి తినేస్తుంది. అది పక్కన ఉన్న మంచి కాగితానికి, ఫొటోకి కూడా పాకుతుంది. నూలు కాగితంలో లిగ్నిన్ సమస్య లేదు. కొనేటప్పుడు ఆమ్లరహితం అని రాసి ఉందో లేదో చూడండి.

రాసి లేకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక పట్టీ కోసి సగం మీద పుస్తకం పెట్టి, మిగతా సగాన్ని డాబా మీద ఎండలో వారం రోజులు ఉంచండి. రెండు సగాల మధ్య గీత కనిపిస్తే ఆ కాగితాన్ని దాచుకునే కార్డులకు వాడకండి.

## కోయడం, మడవడం

మడత పెట్టిన చోట తెల్లటి పగుళ్లు వస్తున్నాయి. ఎంత మెల్లగా మడిచినా అంతే. ఎందుకు?

దీనికి కారణాలు మూడు, మూడింటికీ మందు వేరు. మొదటిది, రంగు పైపైనే ఉండి లోపల తెల్లగా ఉండే షీటు. చింపి చూస్తే లోపలి తెలుపు బయటపడుతుంది. గుజ్జులోనే రంగు కలిపిన షీటు తీసుకుంటే మడత చిట్లినా కనపడదు. రెండోది పూత. ఆర్ట్ కార్డు మీది పూత సాగదు, మడిస్తే చిట్లుతుంది. ముందుగా గాడి గీయకుండా దాన్ని మడవనే కూడదు.

మూడోది చాలామందికి తెలియనిది, పీచు వాటం. మిల్లులో కాగితం పరుగెత్తే దిశలోనే పీచు ఎక్కువగా పడుకుంటుంది. ప్రెస్సు వాళ్లు గ్రెయిన్ అనేది దీన్నే. ఆ వాటం వెంట మడిస్తే మడత నున్నగా కూర్చుంటుంది, అడ్డంగా మడిస్తే పీచు తెగుతుంది. కట్టె చీల్చేటప్పుడు నిలువునా తేలిగ్గా చీలి, అడ్డంగా మొండికేసినట్టే ఇదీ. ఏ4 ప్యాకెట్లలో పీచు ఎక్కువగా పొడవు వైపే ఉంటుంది. ఆ షీటును సగానికి మడిచి ఏ5 కార్డు చేస్తే మడత పీచుకి అడ్డంగా పడుతుంది, పగులుతుంది. అదే షీటును ముందు రెండు ఏ5 ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను మళ్లీ సగానికి మడిచి ఏ6 కార్డు చేస్తే మడత పీచు వెంటే పడుతుంది. "పెద్ద కార్డు పగులుతోంది, అదే కాగితంతో చేసిన చిన్న కార్డు బాగుంది" అని అడిగేవాళ్లకి జవాబు ఇదే. ఏ5 కార్డులే కావాలంటే పెద్ద షీటు కొని, కోసేటప్పుడు పీచు మడతకి వాటంగా వచ్చేలా కోయించుకోండి.

పీచు వాటం ఎటుందో ఎలా తెలుస్తుంది?

షీటును మడవకుండా మెల్లగా వంచండి, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. ఎటు తేలిగ్గా వంగితే ఆ వంపు గీత వెంటే పీచు ఉంది. ఇంకా అనుమానంగా ఉంటే చిన్న ముక్క ఒకవైపే తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, గొట్టం పొడవు ఎటుంటే పీచు అటు. షీటు వెనక పెన్సిలుతో బాణం గుర్తు వేసుకుని ఆ తర్వాతే ముక్కలు కోయండి. చేత్తో ముంచి తీసిన కాగితంలో పీచు అన్ని దిక్కులా పడుతుంది కాబట్టి దాన్ని ఎటైనా మడవొచ్చు.

గాడి గీయడానికి బోన్ ఫోల్డర్ (మడతలు నొక్కే పుల్ల) కొనాల్సిందేనా? ఎటువైపు మడవాలి?

రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు ఉంటే చాలు. కింద పాత నోటుపుస్తకం పెట్టుకుని ఒక్కసారి గట్టిగా గీయండి. పలుమార్లు గీస్తే కాగితం కోసుకుపోతుంది. కట్టరుతో సగం లోతు కోసి మడిచే పద్ధతి వద్దు, నాలుగైదుసార్లు తెరిస్తే ఊడుతుంది.

గాడి గీసినప్పుడు వెనకవైపు గట్టులా ఉబ్బుతుంది. ఆ గట్టు మడత లోపలికి రావాలి. ఎక్కువమంది దీన్ని తిరగేసి మడుస్తారు, దానివల్ల బయటి పొర ఎక్కువ సాగి చిట్లుతుంది.

కోసిన అంచు పీచు పీచుగా వస్తోంది.

బ్లేడు మొద్దుబారి ఉంటుంది. కట్టరు బ్లేడు కొస విరిచి కొత్తది బయటికి తీయండి. మందపాటి షీటును ఒకే దెబ్బలో కోయకుండా రెండు మూడుసార్లు తేలిగ్గా లాగండి. కొత్త బ్లేడుతోనూ అలాగే వస్తుంటే కాగితం తేమ పట్టి ఉంది, ఆరనిచ్చి కోయండి. చేతి కాగితానికి కోసిన అంచు కన్నా చింపిన అంచే అందం. మడిచి, మడత మీద తడి కుంచె నడిపి, స్కేలు ఆనించి లాగితే అసలు అంచులాగే వస్తుంది.

పూలు, ఆకారాలు కోసే పంచ్ మధ్యలో ఇరుక్కుపోతోంది.

చాలా పంచ్‌లు 200 జీఎస్ఎం దాటితే మొరాయిస్తాయి, మెత్తటి నూలు కాగితాన్ని కోయకుండా నమిలేస్తాయి. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని నాలుగు మడతలు వేసి కొన్నిసార్లు పంచ్ చేయండి, అంచు కాస్త పదునెక్కుతుంది.

## అతికించడం

ఫెవికాల్ రాస్తే కాగితం ముడతలు పడుతోంది. జిగురు మార్చాలా, కాగితం మార్చాలా?

తెల్ల జిగురులో నీళ్లుంటాయి. పల్చటి కాగితం ఆ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. 120 కన్నా తక్కువ ఉన్న కాగితానికి గ్లూ స్టిక్ గానీ డబుల్ సైడ్ టేపు గానీ వాడండి. తెల్ల జిగురే వాడాలంటే ట్యూబు నుంచి నేరుగా పిండకుండా పాత ఏటీఎం కార్డు అంచుతో పల్చగా లాగి, అతికించిన వెంటనే బట్టర్ పేపరు కప్పి పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. ముడతలు వచ్చాక ఇస్త్రీ చేస్తే నూలు కాగితం కొంతవరకు సర్దుకుంటుంది, పైన గుడ్డ వేసి తక్కువ వేడితో చేయాలి. పూత ఉన్న కార్డుని, ప్రింటు ఉన్నదాన్ని ఇస్త్రీ చేయకండి.

ఇంట్లో చేసిన మైదా జిగురు వాడొచ్చా?

నాలుగు రోజులుండే అలంకరణకి వాడొచ్చు, కార్డుకి వద్దు. నీళ్లెక్కువ కాబట్టి ముడతలు తప్పవు, వానాకాలంలో బూజు పడుతుంది, సిల్వర్‌ఫిష్‌కి విందు. బైండింగు వాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు పట్టుకునే, నోట్లో పెట్టుకునే కార్డులో అసలు వాడకూడదు.

పొర మీద పొర అతికించాక కార్డు మొత్తం విల్లులా వంగింది.

పైపొర పీచు ఒకవైపు, కిందపొర పీచు ఇంకోవైపు ఉండి ఉంటుంది. తేమకి రెండూ వేర్వేరుగా సాగి ఒకదాన్నొకటి లాగుతున్నాయి. పొరలన్నీ ఒకే వాటంలో కోయండి. లేదా లోపలివైపు కూడా అదే సైజు కాగితం అదే జిగురుతో అతికించండి, రెండువైపులా లాగుడు సమానమై కార్డు నిటారుగా ఉంటుంది.

టేపుతో అతికించిన పూలు, అక్షరాలు ఊడిపోతున్నాయి.

గ్లిట్టర్, మెటాలిక్ షీట్ల పైపొర టేపుతో పాటే లేచి వస్తుంది. అతికే చోట ఆ మెరుపును గరుకు కాగితంతో కొద్దిగా గీకి జిగురు చుక్క పెట్టండి. గరుకు చేతి కాగితానికి పల్చటి టేపు ఆనేది మిట్టల మీదే కాబట్టి ఫోమ్ టేపు గానీ జిగురు గానీ మేలు.

## రాత, రంగులు, ప్రింటు

రాసిన అక్షరాలు వేళ్లూనినట్టు పాకుతున్నాయి.

కాగితం నీరు పీల్చకుండా తయారీలో సైజింగ్ చేస్తారు. గుజ్జులో రసాయనం కలిపి గానీ, పైన గంజి, జెలటిన్ లాంటివి పట్టించి గానీ చేస్తారు. అది తక్కువైతే ఇంకు పీచు వెంట పరుగెడుతుంది. నీళ్ల ఇంకు ఉండే ఫౌంటెన్ పెన్ను, స్కెచ్ పెన్ను బాగా పాకుతాయి. చిక్కటి ఇంకు ఉండే బాల్‌పెన్ను, పిగ్మెంట్ ఇంకు పెన్ను తక్కువ పాకుతాయి. స్పిరిట్ మార్కర్లు చాలా కాగితాలను దాటి వెనక్కి దిగుతాయి. కొనేసిన షీట్లు వృథా కాకూడదంటే వాటిని పైభాగానికి ఉంచి, రాత కోసం లోపల మ్యాప్‌లిథో ముక్క అతికించండి.

వాటర్ కలర్ వేస్తే కార్డు అలలు అలలుగా లేస్తోంది.

కార్డు కోసం చేసిన షీటు అంత నీరు తట్టుకోదు. వాటర్ కలర్‌కే చేసిన 300 జీఎస్ఎం కాగితాన్ని నాలుగువైపులా టేపుతో పలకకి అంటించి, దాని మీద బొమ్మ వేసి, ఆరాక కోసి కార్డు మీద అతికించండి.

ఇంటి ప్రింటర్‌లో కార్డు షీటు ఇరుక్కుంటోంది, రంగు కూడా సరిగా పట్టట్లేదు.

ప్రింటర్ పుస్తకంలో ఎంత జీఎస్ఎం వరకు అని రాసి ఉంటుంది, ముందు అది చూడండి. వెనక ట్రే ఉంటే అందులోంచి ఒక్కో షీటు పెట్టండి, ముందు ట్రే కాగితాన్ని లోపల పూర్తిగా తిప్పుతుంది. సెట్టింగులో మందపాటి కాగితం ఎంచుకోండి.

లేజర్ ప్రింటర్ పొడిని వేడితో కరిగించి అంటిస్తుంది. గరుకు కాగితంలో పల్లాలకు ఆ పొడి సరిగా అందదు, గోరుతో గీస్తే రాలుతుంది. ఇంక్‌జెట్‌లో మెటాలిక్ షీటు పెడితే ఇంకు ఇంకే దారి లేక గంటలు గడిచినా చేతికి అంటుతుంది. నూలు కాగితం పీచు రాలి ఇంక్‌జెట్ తలలో చేరుతుంది, పెట్టేముందు మెత్తటి బ్రష్‌తో దులపండి. యాభై దాటిన ఆర్డరుకి, అందులోనూ చేతి కాగితానికి, స్క్రీన్ ప్రింటింగ్ చేయించడమే మంచిదని నా అభిప్రాయం. ఇంకు పైన కూర్చుంటుంది, గరుకు అడ్డం రాదు.

విత్తనాలున్న కాగితం మీద ప్రింటు వేయొచ్చా?

లేజర్ ప్రింటర్‌లో పెట్టొద్దు. ఆ వేడి విత్తనాలకు మంచిది కాదు, ఉబ్బెత్తు విత్తనాలు లోపలి రోలర్లనీ గీకేస్తాయి. స్క్రీన్ ప్రింటు గానీ, రబ్బరు స్టాంపు గానీ వేయండి. తుంపర పడితే తేమకి విత్తనం కార్డులోనే మొలకెత్తవచ్చు, పొడి డబ్బాలో దాచండి.

శుభలేఖల మూలలకి పసుపు రాస్తే ఒక కాగితం మీద చక్కగా, ఇంకోదాని మీద ఎర్రగా మారుతోంది. అరిష్టమని అత్తయ్య కంగారు పడుతున్నారు.

కంగారు అక్కర్లేదు. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుంది, ఇంట్లో పారాణి కలిపేది అలాగే కదా. ఆమ్లం లేకుండా చేసే కాగితంలో సుద్ద కలుపుతారు. సుద్దకి కొద్దిగా క్షారగుణం ఉంది కాబట్టి తడి పసుపు దాని మీద కాస్త ఎర్రగా తిరగొచ్చు. ఒక రకంగా అది మీ కాగితం ఎక్కువకాలం మన్నే రకమని చెబుతోంది. అత్తయ్యగారికి ఈ మాటే చెప్పండి.

పసుపును జారుగా కలపకండి. నీరు తగిలిన మూల ఉబ్బి ముడుచుకుంటుంది. గట్టి ముద్దగా కలిపి, వేలికి అద్దుకుని, ఎక్కువైంది గుడ్డకి తుడిచి మూలకి ఆనించండి. మెరిసే పూత ఉన్న కార్డు పసుపును పీల్చుకోదు, పైనే పొడిగా నిలిచి కవరంతా అంటుకుంటుంది. పీల్చే చేతి కాగితం మీద మచ్చ వెడల్పుగా పాకుతుంది. ముందు ఒక ముక్క మీద చూసుకోండి. ఆరకుండా ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ఇంట్లో పాత కాగితాలతో చేసిన షీటు పొడిపొడిగా రాలుతోంది.

ఒకసారి వాడిన కాగితంలో పీచు అప్పటికే పొట్టిగా ఉంటుంది, మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే ఇంకా పొట్టిదవుతుంది. నిగనిగలాడే పత్రికల కాగితంలో సుద్ద, మట్టి చాలా ఉంటాయి, అవి వేయకండి. నోటుపుస్తకాల కాగితం నానబెట్టి, కొద్ది సెకన్లే తిప్పి, నానిన నూలు గుడ్డ పోగులు కొంచెం కలపండి. రాతకు కావాలంటే ఆరాక పల్చటి గంజి పూసి బరువు కింద మళ్లీ ఆరబెట్టండి. పూలరేకులు కలిపేవాళ్లకి ఒక మాట: గులాబీ తడి తగలగానే గోధుమ రంగుకి మారుతుంది, బంతి రేకులు రంగు బాగా నిలుపుకుంటాయి.

## కవరు, పోస్టు

కొలత సరిగ్గానే ఉంది, కవరులో పట్టట్లేదు.

ఏ6 కార్డుకి సీ6 కవరు, అంటే 114×162 మిల్లీమీటర్లు. ఏ5 కార్డుకి సీ5, 162×229. ఈ కొలతలు పల్చటి కార్డుకి లెక్కించినవి. పొరలు, పూలు, ఫోమ్ టేపు పెరిగితే మందం కవరు వెడల్పును తినేస్తుంది. మందంగా ఉన్న కార్డుకి ఒక సైజు పెద్ద కవరు గానీ, పల్చటి అట్టపెట్టె గానీ చూడండి.

పోస్టులో వేస్తే ఎక్కువ స్టాంపు పడుతోంది. కాగితం తగ్గించాలా?

మామూలు ఉత్తరం ధర 20 గ్రాముల మెట్ల లెక్కన పెరుగుతుంది. 300 జీఎస్ఎం ఏ4 షీటు ఒక్కటే 18.7 గ్రాములు. దాన్ని సగానికి మడిచిన ఏ5 కార్డుకి కవరు కలిస్తే మొదటి మెట్టు దాటేస్తుంది. అదే కార్డును 220తో చేస్తే కార్డు 14 గ్రాముల లోపు, 80 జీఎస్ఎం కవరుతో కలిపి 20 దగ్గర్లో ఉంటుంది, జిగురు చుక్క కూడా తేడా చేస్తుంది కాబట్టి తూచి వేయండి. ఏ6 కార్డుకి ఈ బాధే లేదు, 300తో చేసినా తొమ్మిదిన్నర గ్రాములే. ఎక్కువమందికి పోస్టులో పంపే శుభలేఖలకి ముందుగా ఒక నమూనా కార్డు పూర్తిగా చేసి, పసుపు రాసి, కవరులో పెట్టి తూచాకే మిగతా షీట్లు కొనండి.